ఎదురుకాళ్ళ పిల్ల

మొన్న ఆసుపత్రిలో పిల్లల డాక్టరమ్మ నా మనవరాలిని బల్లమీద పడుకోబెట్టి, రెండు మోకాళ్ళూ మడిచి, మెల్లగా పక్కలకి విప్పి చూసింది. పుట్టి ఇంకా వారం తిరగని పిల్ల. కుడికాలు హాయిగా విచ్చుకుంది. ఎడమకాలు దగ్గర ఆవిడ చెయ్యి ఆగింది. మళ్ళీ మడిచింది, మళ్ళీ విప్పింది.

"తుంటి కాస్త వదులుగా ఉందండి. కంగారేం లేదు. ఇప్పుడే తెలిసింది కాబట్టి కొన్నాళ్ళు బెల్టు వేస్తే సర్దుకుంటుంది. కడుపులో ఎదురు తిరిగిన పిల్లలకి ఇలా ఉంటుంటుంది. మీ ఇంట్లో ఇంతకుముందు ఎవరికైనా ఉందా?" అని అడిగింది.

నా కూతురు లేదని తల ఊపబోయింది. "ఉందండి. మా చెల్లికి," అన్నాను.

"పిన్నిది పోలియో కాదా అమ్మా?" అంది నా కూతురు ఆశ్చర్యంగా.

కాదు. పోలియో అని చెప్పుకోవడం సుళువు కాబట్టి అందరం అలాగే చెప్పుకున్నాం. పోలియో అంటే ఎవరూ ఇంకో ప్రశ్న వెయ్యరు. అసలు సంగతి చెప్పాలంటే మా ఇల్లూ, మా మామ్మా, రావులపాలెం అరటిగెలలూ అన్నీ చెప్పాలి. అంత ఓపిక ఎవరికుంది? ఇప్పుడు బెల్టులు కట్టించుకున్న పసిది నా పక్కన మంచంమీద కాళ్ళు విప్పుకుని కప్పపిల్లలా పడుకుని నిద్రపోతోంది. దాని అమ్మ స్నానానికి వెళ్ళింది. వద్దనుకున్నా నాకు ఆ ఇల్లే కళ్ళముందుకొస్తోంది.

రావులపాలెం దాటాక, కాలవ వెంట కాస్త లోపలికి వెళితే మా పెంకుటిల్లు ఉండేది. మూడువైపులా అరటితోటలు. ఇప్పుడక్కడ టైర్ల షాపు ఉందట. చూడ్డానికి వెళ్ళలేదు, వెళ్ళను కూడా. ఆ ఇంట్లో ఏ గదిలోకి వెళ్ళినా అరటి వాసనే. పచ్చి ఆకు వాసన, నరికిన బోదె వాసన, వెనక కొట్లో గడ్డి కప్పి పొగపెట్టి కాయ మాగేసినప్పుడు గొంతులో పట్టుకునే తియ్యటి వాసన. మా లంగాలన్నిటిమీదా అరటి జిగురు మరకలుండేవి. బళ్ళో పంతులుగారు ఆ మరకలు చూసి "తోటలోంచి నేరుగా వచ్చావా?" అని వెక్కిరించేవారు.

చెల్లి ఆ ఇంట్లోనే, నడిమి గదిలో పుట్టింది. నన్ను పక్కింటికి పంపేశారు గానీ నేను దడికి అవతల నిలబడి అంతా విన్నాను. అమ్మ అరుపులు చాలాసేపు వినిపించి, ఉన్నట్టుండి ఆగిపోయాయి. అంతలో మా మామ్మ, అంటే నాన్న వాళ్ళమ్మ, అరుగుమీదికొచ్చి ఊరంతటికీ వినపడేట్టు కేకేసింది.

"ఎదురుకాళ్ళతో పుట్టిందిరా అబ్బాయ్! మనింట్లో పుట్టింది!"

ఆ సంతోషం ఎందుకో ఇప్పటివాళ్ళకి చెప్పాలి. తలకి బదులు కాళ్ళు ముందుగా బయటికొచ్చిన పిల్లని ఎదురుకాళ్ళ పిల్ల అనేవాళ్ళు. నడుం పట్టేసినవాళ్ళని అలాంటి పిల్ల కాలితో తంతే పట్టు వదిలిపోతుందని నమ్మకం. మాది గెలలు మోసే ఊరు. పొద్దున లేస్తే ఎవడో ఒకడు సైకిలు మీదికి గెల ఎత్తుతూ నడుం పట్టించుకునేవాడు. అలాంటి ఊళ్ళో అలాంటి పిల్ల పుట్టడమంటే మా మామ్మకి ఇంటికి ఏదో హోదా వచ్చినట్టయింది. లోపల మా అమ్మ బతికిందో లేదో అడగడానికి అందరికీ కాస్త ఆలస్యమైంది.

చెల్లికి నిలబడడం రాకముందే జనం రావడం మొదలైంది. వచ్చినవాడు అరుగుమీద బోర్లా పడుకునేవాడు. మామ్మ చెల్లి చంకల్లో చేతులేసి ఎత్తి, దాని అరికాలు వాడి నడుంమీద ఆనించి నొక్కేది. "తన్నమ్మా, తాతని తన్నమ్మా!" అనేది. చెల్లి కిలకిలా నవ్వుతూ కాలాడించేది. వాడు మూలుగుతూ లేచి, అటూ ఇటూ వంగి చూసుకుని, "హమ్మయ్య, వదిలేసిందండి, ఆయ్!" అనేవాడు. నిజంగా వదిలిందో, అంతమంది చూస్తుండగా వదల్లేదనడం బాగోదనుకున్నాడో నాకు తెలీదు. మర్నాడు మాత్రం చక్రకేళీ అరటిపళ్ళ హస్తమో, కొబ్బరికాయలో, పనసతొనలో ఇంటికొచ్చేవి. మామ్మ వాటిని ముందు చెల్లి కాళ్ళకి తాకించి తర్వాతే మాకు పెట్టేది.

నాకు కుళ్ళుగా ఉండేది. తొనలు తింటున్నంతసేపూ బాగానే ఉండేది గానీ, తిన్నాక మళ్ళీ కుళ్ళు. ఒకసారి నేనూ, పక్కింటి పిల్లా మా తువ్వాయి నడుం బాగోలేదని తీర్మానించి, చెల్లిని ఎత్తుకెళ్ళి దానిచేత ఆ దూడని తన్నించాం. తువ్వాయి బెదిరి మమ్మల్నిద్దర్నీ పేడకుప్పలోకి తోసింది. చెల్లిని మాత్రం ఏమీ చెయ్యలేదు. మామ్మ దాన్ని కూడా మహిమ కిందే జమ వేసింది. "నేనూ తన్నొచ్చు కదా, నా కాళ్ళకేమైంది?" అని నేను ఏడిస్తే, "నీలాగా తలతో లోకమంతా పుడుతుందే!" అని కసిరింది. ఆ మాట నాకు చాలా రోజులు గుచ్చుకుంది.

చెల్లికి నడక ఆలస్యంగా వచ్చింది. వచ్చిన నడకైనా తిన్నగా లేదు. అడుగేసినప్పుడల్లా ఎడమవైపుకి ఒరిగిపోయి, మళ్ళీ లేచేది. వసారాలో గచ్చుమీద అది నడుస్తుంటే ఒక అడుగు చప్పుడయ్యేది, రెండోది ఈడ్చుకొచ్చేది. అమ్మ స్నానం చేయించేటప్పుడు దాని తొడలమీద ముడతలు చూసి, "అత్తయ్యగారూ, రెండు కాళ్ళూ సమానంగా లేవండి. ఎడమది పొట్టిగా కనిపిస్తోంది," అంది.

"మహిమున్న కాలమ్మా అది. బరువుగా ఉండదూ మరి? అందుకే ఈడుస్తోంది," అంది మామ్మ. ఆ మాటలో అబద్ధం లేదు. మా మామ్మ దాన్ని పూర్తిగా నమ్మింది. ఊరు కూడా నమ్మింది. చెల్లి కుంటుతున్నకొద్దీ దాని కాలికి పేరు పెరిగింది. ఇటు పాలకొల్లు నుంచి, అటు యానాం నుంచి కూడా మనుషులు రావడం నాకు గుర్తు.

అమ్మ మాత్రం నమ్మలేదు. నమ్మలేదని గట్టిగా అనలేదు కూడా. అత్తగారి మాట మీద మాట మాట్లాడే రోజులు కావవి. నాన్నతో వంటింట్లో గొణిగేది. "ఏవండీ, ఒక్కసారి డాక్టరుకి చూపిద్దామండీ." నాన్న పళ్ళెంలో అన్నం కెలుకుతూ, "అమ్మేమంటుందో," అనేవాడు. మా నాన్న మంచివాడే. వాళ్ళమ్మ ముందు మాత్రం ఆయనకి నోరు పెగిలేది కాదు. అలా ఇంచుమించు రెండేళ్ళు గడిచిపోయాయి. ఆ రెండేళ్ళే మా అమ్మని తినేశాయి.

ఒకరోజు గోదావరి లంకలోంచి ఒకాయన వచ్చాడు. పెద్ద మనిషి, మంచి పంచె కట్టుకున్నాడు. బోర్లా పడుకుంటూ, "కుడికాలితో తన్నించండి అమ్మగారూ, ఎడమకాలు నాకు పట్టింపు," అన్నాడు. అప్పటిదాకా చెల్లి ఎప్పుడూ ఎడమకాలితోనే తన్నేది. కుడికాలిమీద నిలబడి, వదులుగా వేలాడే ఆ ఎడమకాలు ఊపడం దానికి తేలిక. ఆ వేళ మామ్మ చెప్పిందని కుడికాలు ఎత్తింది. ఎడమకాలిమీద నిలబడలేక చటుక్కున పక్కకి కూలి, అరుగుమీంచి కిందపడింది. నుదురు చిట్లి నెత్తురొచ్చింది.

మామ్మ పరుగెత్తి ఎత్తుకుని, గాయానికి పసుపు అద్దుతూ, "నాదే బుద్ధితక్కువ. శక్తంతా ఎడమకాల్లోనే ఉంటే కుడికాలితో తన్నమనొచ్చా?" అంది. వచ్చినాయన కూడా అవునన్నట్టు తలాడించాడు. గుమ్మంలో నిలబడ్డ అమ్మ ముఖం చూశాను. మర్నాడు పొద్దున్నే చెల్లిని చంకనేసుకుని, నా చెయ్యి పట్టుకుని, బస్సెక్కింది.

"మా అమ్మకి చెప్పావా?" అని నాన్న వీధి గుమ్మం దాకా వచ్చి అడిగాడు.

"మీరు చెప్పండి," అంది అమ్మ. అంత చిన్న మాటకి నాన్న తలొంచుకోవడం నేను అదే మొదటిసారి చూడడం.

రాజమండ్రిలో ఎముకల డాక్టరుగారు చెల్లిని నడిపించి చూశారు. ఎక్స్‌రే తీయించి, ఆ నల్లటి కాగితాన్ని కిటికీ వెలుగులోకి ఎత్తి అమ్మకి చూపించారు. "తొడఎముక తల ఈ గుంటలో కూర్చోవాలమ్మా. ఇది బయటికి జారిపోయి పైనెక్కడో ఉంది. పుట్టినప్పటినుంచీ అంతే. కాన్పు ఎలా అయింది?"

"ఎదురుకాళ్ళతోనండి."

"అందుకే. అలా పుట్టినవాళ్ళలోనే ఇది ఎక్కువ. పసిగుడ్డుగా ఉన్నప్పుడు తెచ్చుంటే కాళ్ళు విప్పి కట్టేవాళ్ళం, సరిపోయేది. ఇప్పుడు ఆపరేషను చెయ్యాలి, కట్టు వెయ్యాలి. పూర్తిగా సమానమవుతుందని మాటివ్వలేను. ఇన్నాళ్ళూ ఏం చేస్తున్నారమ్మా?"

మేం కాళ్ళకి పళ్ళు తాకించి తింటున్నామని అమ్మ ఎలా చెబుతుంది? ఊరంతా ఏ పుట్టుకకి దండం పెట్టిందో ఆ పుట్టుకే దాని రోగం. తిరుగు బస్సులో గోదావరి దాటుతున్నంతసేపూ అమ్మ చెల్లి ఎడమపాదాన్ని గుప్పిట్లో బిగించి పట్టుకుంది. నాకు కిటికీ పక్క చోటిచ్చింది గానీ నేను నీళ్ళు చూడలేదు, ఆ గుప్పిటే చూశాను.

ఇంటికొచ్చాక అమ్మ అంతా చెప్పింది. మామ్మ, "కోస్తే మహిమ పోతుందే అమ్మాయ్," అంది, ప్రాధేయపడుతున్నట్టు.

"పోనివ్వండి అత్తయ్యగారూ. నాకు మహిమొద్దు. నడిచే పిల్ల కావాలి."

మా అమ్మ గొంతు పెంచి మాట్లాడడం ఆ ఇంటి గోడలు అదే మొదటిసారి వినడం. మామ్మ లేచి వెనక కొట్లోకి వెళ్ళిపోయింది. పొగ గడ్డిలో కాయ తిరగేస్తూ సాయంత్రందాకా బయటికి రాలేదు.

ఆపరేషను కాకినాడ పెద్దాసుపత్రిలో అయింది. చెల్లి ఇంటికొచ్చేసరికి నడుం నుంచి మడమలదాకా తెల్లటి పిండికట్టు. రెండు కాళ్ళూ ఎడంగా విప్పి, మధ్యలో కర్ర పెట్టి కట్టేశారు. ఆ కర్రకి గుమ్మం చాలక, దాన్ని ఏటవాలుగా తిప్పి లోపలికి తీసుకురావాల్సొచ్చింది. ఎండాకాలం. కట్టు లోపల చెమట పట్టి దురద. కొబ్బరి ఈనె చివర గుడ్డ చుట్టి అమ్మ మెల్లగా లోపలికి దూర్చి గోకేది. నేను బెల్లంముక్కలు తినిపిస్తే పొడి లోపలికి జారి చీమలు పట్టేవి. ఉచ్చ వాసన, పౌడరు వాసన, తడిసిన సున్నం లాంటి ఆ కట్టు వాసన కలిసి నడిమి గదిలో నిలిచిపోయాయి. మాగిన అరటి వాసన కూడా దాన్ని కప్పలేకపోయింది. కొన్నాళ్ళకి చెల్లి నేలమీద చేతులతో జరగడం నేర్చుకుంది. గచ్చుమీద ఆ కట్టు గీసుకునే చప్పుడు ఇప్పటికీ ఎక్కడైనా బీరువా జరిపితే వినిపిస్తుంది నాకు.

జనం మాత్రం ఆగలేదు. ఒకతను నడుం పట్టుకుని వచ్చి, కట్టులోంచి బయటికున్న చెల్లి వేళ్ళు చూసి, "ఆ బొటనవేలు తాకించినా చాలమ్మా," అని బతిమాలాడు. అమ్మ చేతిలో ఉన్న చీపురు విసిరింది. అది అతనికి తగల్లేదు. ఆ తర్వాత మా అమ్మకి ఊళ్ళో గయ్యాళి అని పేరొచ్చింది. ఆవిడ ఆ పేరు పట్టించుకోలేదు.

ఆ వేసవిలోనే ఒక మధ్యాహ్నం మామ్మకి నడుం పట్టేసింది. నూతి దగ్గర బిందె ఎత్తబోయి అలాగే వంగిపోయింది. నాన్నా, పాలేరూ పట్టుకొచ్చి వసారాలో చాపమీద పడుకోబెట్టారు. ఆవిడ పళ్ళు బిగపట్టి మూలుగుతోంది. ఊళ్ళో అందరి నడుములూ బాగుచేయించిన మనిషి తన కోసం ఒక్కమాట అడగలేదు. మేమంతా చూస్తూ నిలబడిపోయాం. అప్పుడు అమ్మ లోపలికెళ్ళి, కట్టుతో సహా చెల్లిని రెండు చేతుల్లో ఎత్తుకొచ్చి, మామ్మ పక్కన మోకాళ్ళమీద కూర్చుంది. దాని వేళ్ళు మామ్మ నడుం దగ్గరికి తెచ్చింది. అమ్మకి నమ్మకం లేదు. ఆ ముసలావిడకుంది కదా అని తెచ్చింది.

మామ్మ చెయ్యి వెనక్కి చాపి ఆ వేళ్ళని పక్కకి తోసేసింది. "వద్దమ్మా. దాని కాలికి నొప్పెడుతుంది. తీసుకెళ్ళు," అంది. ఆ తర్వాత చాపలో ముఖం దాచుకుని వెక్కివెక్కి ఏడ్చింది. పెద్దవాళ్ళు అలా ఏడవడం నాకు తెలీదు. భయమేసి తోటలోకి పారిపోయాను.

మామ్మ నడుం ఇక పూర్తిగా నిలబడలేదు. వంగే నడిచింది, పోయేదాకా. కట్టు విప్పాక చెల్లి కాలు పొట్టు రాలుతూ, పుల్లలాగా సన్నబడి ఉంది. నిలబెడితే కెవ్వుమనేది. అమ్మకి పని, నాకు బడి. దాన్ని పట్టుకుని వసారాలో అటూ ఇటూ నడిపించింది మామ్మే. వంగిపోయిన మామ్మ ముఖమూ, తప్పటడుగుల చెల్లి ముఖమూ ఇంచుమించు ఒకే ఎత్తులో ఉండేవి. ఇద్దరూ ఏవో మాట్లాడుకుంటూ, ఒకరినొకరు పట్టుకుని నడిచేవారు. ఎవరు ఎవర్ని నడిపిస్తున్నారో తెలిసేది కాదు.

చెల్లి నడిచింది. కానీ డాక్టరుగారు అన్నట్టే అయింది. ఎడమకాలు కాస్త పొట్టిగానే ఉండిపోయింది. ఒరిగే నడక తగ్గింది గానీ పోలేదు. బళ్ళో కుంటిదన్నారు. పెద్దయి తనే చిన్నపిల్లలకి పంతులమ్మ అయింది, పెళ్ళి చేసుకుంది, ఇద్దర్ని కంది. దాని జీవితానికి ఏ లోటూ లేదని మేమందరం అనుకుంటాం. అది కూడా అలాగే అనేది. అమ్మ మాత్రం ఎప్పుడూ దాని వెనక నడవలేదు. బజారుకైనా గుడికైనా నాలుగడుగులు ముందే నడిచేది. తొందర మనిషి అనుకునేదాన్ని. వెనక నుంచి ఆ నడక చూడలేక అని చాలా ఆలస్యంగా అర్థమైంది.

పెద్దయ్యాక కూడా ఎవరో ఒకరు చెల్లి దగ్గరికి నడుం పట్టుకుని వస్తూనే ఉన్నారు. అది అమ్మకి తెలియకుండా తన్నేది. ఒకసారి నేను చూసి మండిపడ్డాను. "చదువుకున్నదానివి, నీకు నమ్మకమా ఇదంతా?"

"నమ్మకమేంటక్కా," అని నవ్వింది. "దారినపోతుంటే అందరూ నా కాలు చూసి అయ్యో అంటారు. వీళ్ళొక్కళ్ళే దండం పెడతారు. పోనీలే అనిపిస్తుంది."

మా మామ్మ దానికి చేసిన చెడూ, ఇచ్చిపోయిన మంచీ ఒకే కాల్లో ఉన్నాయి. వాటిని విడదీయడం నావల్ల కాలేదు, ఇప్పటికీ కాదు.

చెల్లి మా అందరికంటే చిన్నదైనా ముందే వెళ్ళిపోయింది. గుండె ఆగిపోయిందన్నారు. ఎనభై దాటిన మా అమ్మని తీసుకొచ్చి దాని కాళ్ళ దగ్గర కుర్చీ వేసి కూర్చోబెట్టాం. ఆవిడ ఏడవలేదు. అలా చూస్తూ కూర్చుంది. చెయ్యవలసినవి చేయించడానికి వచ్చినాయన బొటనవేళ్ళు కలిపి కట్టడానికి దారం తీశాడు. రెండు పాదాలూ కలవలేదు. ఎడమది కాస్త పైకి ఉండిపోయింది. కట్టిన ముడి జారిపోయింది. ఆయన విప్పి, ఎడమ మడమ పట్టుకుని, సమానంగా వచ్చేట్టు కిందికి లాగబోయాడు.

అమ్మ ముందుకి వంగి ఆయన చెయ్యి పట్టుకుంది.

"లాగకు నాయనా," అంది. "అది అంతే. దానికి నొప్పెడుతుంది."

ఆయన నా వైపు చూశాడు. దారం కాస్త పొడుగ్గా తీసుకుని, కాళ్ళు ఎక్కడివక్కడే ఉండేట్టు వదులుగా కట్టాడు.